కారవాన్ ఎక్కిన రుబ్బురోలు

నేను ఒక రుబ్బురోలుని. పొత్రం కాకుండా నా బరువు ముప్పై ఎనిమిది కిలోలు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా బతుకులో జరిగిన గొడవలన్నీ ఈ బరువు దగ్గరే మొదలయ్యాయి. దిగమన్నారు, జరగమన్నారు, మూల కూర్చోమన్నారు. నేను దేనికీ ఊ అనలేదు. రాయిని కదా, మాకు ఊ అనడం పుట్టుకతోనే రాదు.

చీమకుర్తి దగ్గరి కొండ మాది. కొండలోంచి నన్ను విడదీసినవాడు గురవయ్య. గుండ్రంగా చెక్కిందీ, నడుమ గుంట తీసిందీ అతనే. కానీ నన్ను రోలుగా చేసింది మాత్రం అతని భార్య పోలమ్మ. గుంట లోపల గంట్లు కొట్టే పని ఆమెది. గంట్లు లేని రోట్లో పప్పు నలగదు, ఊరికే జారుతూ తిరుగుతుంది. పోలమ్మ ఉలి పెట్టి జొన్నగింజంత గంటు కొట్టేది, బొటనవేలితో తడిమి చూసుకునేది, పక్కన ఇంకోటి కొట్టేది. రెండు రోజులు నా ముందు గొంతుక్కూర్చుని అదే పని చేసింది. నన్ను చూడవచ్చినవాళ్లు మాత్రం గురవయ్య పనితనాన్ని మెచ్చుకుని వెళ్లారు. మనుషుల మెప్పు ఎటు పోతుందో ఆ రోజే నాకు తెలిసింది.

కొన్నది ఒంగోలు సుబ్బరత్తమ్మ. రిక్షా అతను రోలైనా ఎక్కాలి, మనిషైనా ఎక్కాలి, ఇద్దరినీ లాగలేనన్నాడు. ఆమె రెండో మాట లేకుండా నన్ను సీటు మీద కూర్చోబెట్టి, చెప్పులు చేతబట్టుకుని రిక్షా పక్కన నడిచి వచ్చింది. ఆ ఇంట్లో పాతికేళ్లు మినప్పిండీ గోంగూర పచ్చడీ రుబ్బాను. తరవాత మిక్సీ వచ్చింది. నన్ను బోర్లించి పంపు దగ్గర కాళ్లు కడుక్కునే రాయిని చేశారు. పండగపూట మళ్లీ తిప్పి, కడిగి, పసుపు రాసి బొట్టు పెట్టేవారు. ఏడాదికి మూడు రోజులు దేవతని, మిగతా రోజులు మెట్టుని. ఈ రెండు ఉద్యోగాలూ ఒకే రాయికి ఇవ్వొచ్చని మనుషులకి తప్ప ఎవరికీ తోచదు.

సుబ్బరత్తమ్మ పోయాక ఇత్తడి గుండిగలూ మంచాలూ పంచుకున్నవాళ్లు నా దాకా వచ్చి ఆగిపోయారు. కూతురు హైమవతి అప్పటికే మెల్‌బోర్న్‌లో వృద్ధుల ఆశ్రమంలో వంట చేస్తోంది. తనకేమీ వద్దు, రోలు ఒక్కటి పంపమంది. అన్నదమ్ములు చాలా సంతోషించి పంపారు. పంపేముందు హైమవతి స్వయంగా వచ్చి పళ్లుతోముకునే బ్రష్షుతో మూడు రోజులు నా గంట్లు కడిగింది. ఆ దేశంలోకి మన మట్టిగానీ గింజగానీ పోకూడదట. అక్కడి రేవులో ఒక అధికారి టార్చిలైటు వేసి నా గుంటలో వెతికి వెతికి, ఒక మినప పొట్టు ముక్కని పట్టకారుతో పైకి తీసి కవర్లో వేసి సీలు వేశాడు. ఒంగోల్లో నేను తిన్న ఆఖరి మెతుకు అది.

హైమవతి భర్త మార్కండేయులు ట్రాము నడిపేవాడు. ముప్పై ఏళ్లు పట్టాల మీద బండి తోలిన మనిషి. ఏ పనికైనా ముందు కాగితం మీద జాబితా రాసుకుంటాడు. మంచివాడే, జాబితాలో లేనిదాన్ని చూస్తే మాత్రం కంగారుపడతాడు. నేను ఏ జాబితాలోనూ లేను. వాళ్ల గ్యారేజీలో పెయింటు డబ్బాల పక్కన పదకొండేళ్లు కూర్చున్నాను.

హైమవతికి యాభై తొమ్మిదో ఏట పక్షవాతం వచ్చింది. కాలూ మాటా నెలలోనే సర్దుకున్నాయి. కుడిచెయ్యి మాత్రం ముడుచుకుపోయి ఒళ్లో పడి ఉండేది. ఆస్పత్రిలో ఒక పసుపుపచ్చ రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. పది రోజులు నొక్కింది. పదకొండో రోజు దాన్ని గ్యారేజీలోకి విసిరికొట్టింది. అది వచ్చి నా మీదే పడింది.

"దీన్ని నొక్కితే ఏమొస్తదండీ? చట్నీ కూడా రాదు," అంది మొగుడితో. "మా అమ్మ రోలు తీసుకురండి."

పక్కింటి అతన్ని సాయం పిలిచి మార్కండేయులు నన్ను వంటింట్లోకి మోసుకొచ్చాడు. అరగ్లాసు మినప్పప్పు. పొత్రం మీద కుడిచెయ్యి పెట్టి, జారకుండా దానిమీద ఎడమచెయ్యి పెట్టి తిప్పింది. రెండు గంటలు పట్టింది, చెమటలు కారాయి, ఒకసారి ఏడ్చింది కూడా. ఆరోజు వేసిన గారెల్లో సగం పప్పు పప్పులాగే ఉంది. మార్కండేయులు ఒక్క మాటా అనకుండా ఆరు తిన్నాడు. మనుషుల్లో నాకు నచ్చిన కొద్ది గుణాల్లో అదొకటి.

ఏడాది తిరిగేసరికి ఆ వేళ్లు పొత్రాన్ని చుట్టి పట్టుకోవడం నేర్చుకున్నాయి. అంతవరకే. చెంచా పట్టుకుంటే జారిపోయేది, గ్లాసు ఎత్తితే ఒలికిపోయేది. వచ్చేది ఏడాదిలోనే వస్తుంది, ఆపైన ఆశపెట్టుకోవద్దని డాక్టరు మెల్లగా చెప్పాడు. హైమవతి తల ఊపి ఇంటికి వచ్చి, ఆ రాత్రికి గ్లాసు నిండా మినప్పప్పు నానబోసింది. అప్పటినుంచి ఆమె నాకు యజమానురాలు కాదు, నా జట్టు మనిషి.

ఆమెకి ఇంకో కోరిక ఉండేది. ఆశ్రమంలో ఆమె అన్నం పెట్టిన ముసలివాళ్లలో చాలామంది లోపలి ఊళ్లవాళ్లు. ఎర్రమట్టి, గొర్రెల మందలు, వందమైళ్లకి ఒక పెట్రోలు పంపు, వాన పడితే దారి మూసుకుపోయే పల్లెలు. సూపు తాగుతూ వాళ్లు ఆ ఊళ్లగురించే చెప్పేవాళ్లు. పాతికేళ్లు విన్నది గానీ ఒక్కటీ చూడలేదు. మార్కండేయులు రిటైరవగానే పాత కారవాన్ ఒకటి కొనిపించింది. కారు వెనక తగిలించుకుపోయే ఇల్లు అది. రెండు మంచాలు, ఒక పొయ్యి. తెలుగువాళ్లంతా ఇంటికొచ్చి మరీ వద్దన్నారు. ఈ ఆరోగ్యంతో ఎడారి ఏమిటి, హాయిగా కూర్చోవచ్చు కదా అన్నారు. కూర్చోవడమేగా, కదిలేదాంట్లో కూర్చుంటానని ఆమె వాళ్లకి కాఫీలిచ్చి పంపింది.

బయల్దేరే ముందురోజు మార్కండేయులు మూడు పేజీల జాబితా రాశాడు. అందులో టీవీ ఉంది, జనరేటరు ఉంది, మడతకుర్చీలు నాలుగున్నాయి. నేను లేను. హైమవతి రాత్రి పప్పు నానబోసి, పొద్దున్నే ఆ గిన్నె చూపించి, దీన్ని ఎక్కడ రుబ్బాలో చెప్పమంది. ఆయన నిట్టూర్చి నన్ను బండెక్కించాడు.

ఎక్కించింది ఎక్కడ? కారవాన్ అన్నిటికంటే వెనక, మంచం కింది అరలో. సోనామసూరి బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, స్టీలు గిన్నెలు, వాటి పక్కన నేను. మన ఊరి జీపుల్లో బస్తాలన్నీ వెనకేగా వేసేది అన్నాడు. అవును, జీపులో వేస్తారు. కారవాన్ జీపు కాదు. ఆ ముక్క చెప్పడానికి నాకు నోరు లేదు, గుంట ఉంది.

మిల్డురా అనే ఊరు దాటాక నేల ఎర్రబడింది. దారి గీత గీసినట్టు తిన్నగా పోతోంది, ఎదురుగా మనిషి లేడు, చెట్టు లేదు. హైమవతి కిటికీకి ముఖం ఆనించి చూస్తూ, పదకొండో నంబరు గది ముసలాయన చెప్పింది ఇదేనండీ, అని మాటిమాటికీ అంటోంది. అప్పుడొచ్చింది ఎదురుగా రోడ్ ట్రెయిన్. ఒక లారీ వెనక ఇంకో మూడు పెట్టెలు తగిలించుకుపోయే బండిని అక్కడ అలా అంటారు. అది పక్కనుంచి వెళ్లిన గాలికి కారవాన్ తోక ఒకసారి ఎడమకి ఊగింది, తరవాత కుడికి, తరవాత ఇంకా ఎక్కువగా ఎడమకి. వెనక కూర్చున్న నా బరువు ఆ ఊపుని పెంచింది. ఒప్పుకుంటాను. జాడీలు పగిలాయి. కారు నాలుగు తెల్లగీతల మేర అడ్డంగా జారి, దారి పక్క ఎర్రమట్టిలో ఆగింది. ఆవకాయ నూనె నా ఒళ్లంతా కారింది. మార్కండేయులు దిగి బండి చుట్టూ తిరిగాడు. పట్టాలు లేని దారి ఎలా ఉంటుందో ఆయనకి అప్పటిదాకా తెలియదు.

తరవాతి ఊరు వరండిల్లా. గోధుమలు నిలవచేసే ఎత్తైన గాదెలు, వాటి ముందు లారీలు తూచే కాటా. బండిని దానిమీదికి ఎక్కించి చూస్తే ఉండాల్సినదానికంటే అరవై కిలోలు ఎక్కువ ఉంది. మార్కండేయులు అరవైలోంచి ఏమేమి తియ్యాలో ఆలోచించకుండానే నా వైపు చూశాడు.

"రోలు దింపేద్దాం హైమా. ఇక్కడ ఎవరికన్నా ఇచ్చేద్దాం. మిక్సీ ఉందిగా."

"దింపండి," అందామె. "దాని పక్కనే నాకో కుర్చీ కూడా వెయ్యండి. మడతకుర్చీలు నాలుగు తెచ్చారుగా."

ఆయన గొంతు పెంచాడు. ఇందాక చచ్చేవాళ్లమన్నాడు, రాయి కోసం మనుషులు పోతారా అన్నాడు. ఆయన భయం నిజమైనదే, అందుకే ఆమె ఎదురు అరవలేదు. ముడుచుకున్న కుడిచెయ్యి ఎత్తి ఆయన ముందు పెట్టింది. ఇది సగంలో ఉంది, రోలు దిగితే సగంలోనే ఉండిపోతుంది, ఆ సగం చేత్తో నేను ఇంటికి రానని చెప్పింది.

కాటా దగ్గర ఉండే ముసలాయనకి తెలుగు తెలియదు గానీ గొడవ దేనిగురించో తెలిసింది. వెనక తలుపు తీసి నన్ను చూసి ఈల వేశాడు. తన పెన్సిలుని వేలి మీద అడ్డంగా నిలబెట్టి, కొసన ఒక చిన్న మేకు పెట్టాడు. పెన్సిలు పడిపోయింది. మేకుని సరిగ్గా వేలి మీదికి వచ్చేలా నడుమ పెట్టాడు. నిలిచింది. రాయి తప్పు కాదు, కూర్చోబెట్టిన చోటు తప్పు, చక్రాల ఇరుసు మీదికి తెచ్చి కట్టుకోండి, అప్పుడు బండిని అదే పట్టి ఉంచుతుంది అన్నాడు. ఆ మనిషికి నేను బతికున్నంతకాలం రుణపడి ఉంటాను. అంటే చాలాకాలం.

టీవీ, జనరేటరు, కుర్చీలు, హైమవతి పట్టుచీరల పెట్టె వరండిల్లాలో దిగిపోయాయి, తిరిగి వచ్చేటప్పుడు తీసుకుంటామని చెప్పి. నేను కారవాన్ నడుమ, పొయ్యి ముందు, ఇరుసుకి సరిగ్గా పైన కూర్చుని పట్టీలతో బిగించుకున్నాను. ఆ తరవాత ఎన్ని రోడ్ ట్రెయిన్లు ఎదురొచ్చినా బండి తోక ఊపలేదు. మార్కండేయులు రెండు వందల కిలోమీటర్లు మాట్లాడలేదు. ఆ తరవాత పెసరట్టు ఉంటుందా అని అడిగాడు.

అక్కణ్ణుంచి ఊరూరా నా దర్బారు నడిచింది. పప్పు దారిలో నానేది, సాయంత్రం బండి ఆగిన చోట దాని పక్కన కట్టిన గుడారపు నీడలో నన్ను దింపేవారు. ఒక సత్రం, ఒక పెట్రోలు పంపు, మూతపడ్డ రైల్వే స్టేషను, అదే ఊరు. జనం చుట్టూ చేరేవాళ్లు. ఇది పిట్టలకి నీళ్లు పోసే తొట్టా అని ఒకావిడ అడిగింది. ఆమెని క్షమించాను, ఎందుకంటే మర్నాడు పొద్దున నిజంగానే రెండు రామచిలకలు వచ్చి నాలో నీళ్లు తాగాయి. ఆ ఊళ్లలో హైమవతి తను అన్నం పెట్టిన ముసలివాళ్ల పేర్లు చెప్పి అడిగేది. ఒకచోట సత్రం నడిపేవాడు ఒక పేరు విని లేచి నిలబడ్డాడు. అది వాళ్ల నాన్న పేరు. ఆఖరి రోజుల్లో ఏం తినేవాడని అడిగి, ఆమె చెప్తుంటే బల్లకి ఆనుకుని విన్నాడు.

ఇంతలో నాకే జబ్బు చేసింది. రోజూ రుబ్బేసరికి గంట్లు అరిగిపోయాయి. పప్పు జారిపోతోంది, గంట పని రెండు గంటలవుతోంది. హైమవతి భుజం వాచింది. ఒంగోలులో అయితే గంట్లు కొట్టేవాళ్లు వీధిలో కేక వేసుకుంటూ వస్తారు. ఈ ఎడారిలో ఆ కేక ఎవరు వేస్తారు? పొత్రం తిప్పడం రెండు రోజులు మానేసింది. మూడోరోజుకి వేళ్లు మళ్లీ లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఆమె ఆ చేతిని కొంగు కింద దాచుకుంది. మార్కండేయులు చూశాడు, చూడనట్టు ఉన్నాడు.

అలా కూరాబిన్ చేరాం. భూమిలో రంగురాళ్లు తవ్వుకునేవాళ్ల ఊరు అది. ఎండకి తట్టుకోలేక ఇళ్లు కూడా నేల కిందే తవ్వుకున్నారు. యోసిప్ అనే ముసలి తవ్వకందారు దగ్గర ఉలీ సుత్తీ ఉన్నాయి. ఎక్కడో యూరప్‌లో పుట్టి, కుర్రతనంలో ఇక్కడికి వచ్చి, నలభై ఏళ్లుగా గోడలు చెక్కుతున్నాడు. నన్ను చూసి సంబరపడి సుత్తి ఎత్తాడు. రెండు దెబ్బలు వేశాడో లేదో, నా గుంటలో చిక్కుడుగింజంత పెచ్చులు లేచాయి. అతనికి రాయి అంటే లోపల ఏదో దాక్కున్న వస్తువు. నాలో ఏమీ దాక్కోలేదు, నేనే ఉన్నాను.

హైమవతి ఆగమంది. చెయ్యి చాచి అతని దగ్గర్నుంచి ఉలీ సుత్తీ లాక్కుంది. నా ముందు గొంతుక్కూర్చుంది, అచ్చం పోలమ్మ కూర్చున్నట్టు. ఇంత, జొన్నగింజంత, చూడు, అని తెలుగులోనే చెప్తూ ఉలి ఆనించి కొట్టింది. బొటనవేలితో తడిమింది. పక్కన ఇంకోటి కొట్టింది. మార్కండేయులు టీ కప్పు నోటిదాకా తెచ్చి ఆపేశాడు. ఉలి ఎడమచేతిలో ఉంది. మరి సుత్తి ఎక్కడుంది?

ఆయన చెప్పలేదు. చెప్తే పడిపోతుందని భయపడ్డాడు. పది గంట్లు కొట్టాక ఆమే చూసుకుంది. కుడిచేతి వేళ్లు నాలుగూ సుత్తి పిడి చుట్టూ బిగిసి ఉన్నాయి, బొటనవేలు పైనుంచి నొక్కి పట్టింది. కాసేపు ఆ చేతిని వేరేవాళ్ల చేతిని చూసినట్టు చూసింది. తరవాత పదకొండో గంటు కొట్టింది. సాయంత్రానికి నా గుంటంతా గరుగ్గా అయింది. పిడికెడు బియ్యం వేసి తిప్పి, ఆ రాతిపొడి కలిసిన పిండి పారబోసి, మళ్లీ కడిగింది. నా వయసు అరవై దాటింది గానీ ఆ రోజు నాకు కొత్తగా పళ్లు వచ్చాయి.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. మనుషులు ఆపనిస్తేగా. ఆ ఊళ్లో పాత సొరంగం ఒకదాన్ని మ్యూజియం చేశారు, దాని బాధ్యత కూడా యోసిప్‌దే. మర్నాడు అతను మార్కండేయుల్ని తీసుకెళ్లి అంతా చూపించాడు. ఈ రోలు ఇక్కడ పెడితే అద్దాల పెట్టె చేయిస్తాం, మీ ఆవిడ పేరు రాయిస్తాం అన్నాడు. ముందున్నది మూడు వందల కిలోమీటర్ల మట్టిరోడ్డు, ప్రతి కిలో లెక్కే. పైగా చెయ్యి వచ్చేసింది. మార్కండేయులు ఆలోచించి సరే అని వచ్చాడు. భార్యకి చెప్పే ధైర్యం రాక, మర్నాటి జాబితాలో ఒక పక్కన రాసిపెట్టాడు.

పొద్దున యోసిప్ తోపుడుబండి తెచ్చి గుడారం ముందు నిలబెట్టాడు. హైమవతి అప్పుడే రుబ్బడం మొదలుపెట్టింది. అతని వెనకే ఒక ముసలావిడ వచ్చింది. ఆ నేల మూలవాసుల్లో పెద్దది, ఊరంతా ఆంటీ డోరీన్ అంటారు. అటువైపు వచ్చినప్పుడల్లా మ్యూజియంలో తన అమ్మమ్మ రాయిని చూసి పోతుందట. గడ్డిగింజలు నూరి రొట్టె చేసుకునే పలకరాయి అది. నాకంటే ఎన్ని తరాలు పెద్దదో. ఆవిడ వంగి, అడక్కుండానే నా అంచు మీద చెయ్యి వేసింది. పిండి తడి తగిలింది.

"మా అమ్మమ్మ రాయి అద్దంలో ఉంది," అంది. "పెట్టిన రోజునుంచీ దానికి ఆకలే."

హైమవతి తోపుడుబండిని చూసింది, మొగుణ్ణి చూసింది. అర్థమైంది. పొత్రం ఆపలేదు.

"చెయ్యి వచ్చింది కదా, ఇంక రోలెందుకనుకున్నారా?" అంది. "నా చెయ్యి బాగుపడిందని మీరు దీని నోరు కట్టేస్తారా? మా అమ్మ దీన్ని రిక్షా ఎక్కించి తను నడిచొచ్చింది. నేను ఇక్కడ దింపి పోతే, ఆమె నడిచిన దారంతా వెనక్కి పోయినట్టే."

మార్కండేయులు జేబులోంచి జాబితా తీశాడు. పెన్నుతో రోలు మాట కొట్టేసి, పక్కనే తప్పు నాదే అని రాశాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట రాతపూర్వకంగా రావడం అదే మొదటిసారి అనుకుంటాను.

హైమవతి ఆంటీ డోరీన్‌కి పీట వేసి, రా అక్కా అని పిలిచి, ఆవిడ చేతిని పొత్రం మీద పెట్టింది. ఇద్దరూ కలిసి తిప్పారు. తిప్పుతూనే ఆవిడ యోసిప్‌ని అడిగింది, మరి ఆ అద్దం తాళం సంగతేమిటని. కమిటీని అడగాలన్నాడు. పదకొండేళ్లుగా అడుగుతూనే ఉన్నావన్నది ఆవిడ. తిరిగి ఈ దారినే వస్తాం, అప్పటికి తాళం తియ్యకపోతే నా సుత్తిదెబ్బ ఎలా ఉంటుందో నువ్వు చూశావుగా అని హైమవతి నవ్వుతూ చెప్పింది. యోసిప్ కూడా నవ్వాడు గానీ, జేబులో తాళంచెవి మీద చెయ్యి వేసుకున్నాడు. అట్లు తిని ఖాళీ తోపుడుబండి తోసుకుంటూ వెళ్లాడు.

నన్ను బండెక్కించే వేళయింది. ఇన్నాళ్లూ ఒకవైపు మార్కండేయులు పట్టుకుంటే రెండోవైపు ఎవరో ఒక మగమనిషి పట్టేవాడు. ఆయన అలవాటుగా పక్క కారవాన్ అతన్ని పిలవబోయాడు. హైమవతి వద్దంది. కొంగు దోపుకుని, వంగి, రెండు చేతులూ నా అడుగున పెట్టింది. ఆయన తనవైపు పట్టుకున్నాడు.

నేల నుంచి లేచాను. ఆమె కుడిచెయ్యి వణికింది, మోచెయ్యి దాకా వణికింది. మెట్టు ఒకటి, మెట్టు రెండు. నేను ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. ఆమె నన్ను దించలేదు.